కర్నూలు, కడప కాలేజీ మైదానాలు

కాలేజీ మైదానమంటే విద్యార్థుల ఆటలకోసం కళాశాల ఆవరణలో వదిలిన ఖాళీ స్థలం. కర్నూలు, కడప పట్టణాల్లో దాని పని అక్కడితో ఆగదు. తెల్లారకముందే పోలీసు, ఆర్మీ కొలువులకోసం పరుగెత్తే పిల్లలు వస్తారు. వెలుగు వచ్చాక నడక కోసం పెద్దవాళ్ళు, సాయంత్రం క్రికెట్, వాలీబాల్ జట్లు వస్తాయి. ఎన్నికలొస్తే సభలు, వేసవిలో ఎగ్జిబిషన్లు, దీపావళికి టపాసుల అంగళ్ళు, ముఖ్యమంత్రి వస్తుంటే హెలిప్యాడ్, అన్నీ ఆ స్థలంలోనే. అమెరికా, కెనడాల చలి పట్టణాల్లో విశ్వవిద్యాలయాల మంచు హాకీ అరీనాలు ఊరికి ఏ విధంగా పనికొస్తాయో, ఎండలు మండే ఈ సీమలో మట్టి మైదానాలు ఇంచుమించు ఆ విధంగానే పనికొస్తున్నాయి. 2022 ఏప్రిల్‌లో నంద్యాల, అన్నమయ్య జిల్లాలు విడిపోకముందు ఉన్న ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాలు ఈ వ్యాసం పరిధి.

నేల, ఎండ

ఈ రెండు జిల్లాల్లో ఏడాది వర్షపాతం సుమారు 600 నుంచి 700 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి నవంబరు లోపలే పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు. చుట్టూ కొండలున్న కడపలోనూ, నంద్యాలలోనూ ఉక్క మరీ ఎక్కువ. ఇలాంటి చోట పచ్చిక పెంచి నిలుపుకోవాలంటే రోజూ నీళ్ళు పెట్టాలి. తాగునీటికే ట్యాంకర్లు తిరిగే ఊళ్ళో మైదానానికి నీళ్ళు పెట్టమని ఏ ప్రిన్సిపాలూ అడగలేడు. అందుకే ఇక్కడి మైదానాలు చాలావరకు బోడినేలలు. క్రికెట్‌ను మ్యాటింగ్ పరిచి ఆడతారు. వాలీబాల్, ఖోఖో, కబడ్డీ కోర్టులకు పోటీల ముందురోజు మాత్రం నీళ్ళు చిలకరించి, రోలర్ లాగి, సున్నంతో గీతలు గీస్తారు.

నేల స్వభావం అన్నిచోట్లా ఒకటి కాదు. కర్నూలుకు పడమటి వైపు ఎర్రనేలలు ఎక్కువ. కుందూ నది పొడవునా నంద్యాల నుంచి ప్రొద్దుటూరు దాకా నల్లరేగడి. ఎర్రనేల మైదానం వాన వెలిసిన కొన్ని గంటల్లోనే ఆటకు సిద్ధమవుతుంది. రేగడి అలా కాదు, వానకు బంకగా మారి రోజుల తరబడి కాలు పెట్టనివ్వదు, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెలో మడమ పడితే ఆటగాడు నెలల తరబడి ఇంట్లోనే. రేగడి మీద మైదానం కావాలంటే పైన గ్రావెల్ తోలి గట్టిపరచడం తప్పనిసరి. రాయికి మాత్రం ఈ సీమలో కొరత లేదు. బేతంచెర్ల నాపరాళ్ళు, కడప బండలు చేతికి అందే దూరంలోనే ఉన్నాయి.

ఆటవేళలను ఎండే నిర్ణయిస్తుంది. ఉదయం 5 నుంచి 8 వరకు, సాయంత్రం 5 తర్వాత చీకటి పడేదాకా. ఈ నాలుగైదు గంటల్లోనే ఊరంతా మైదానానికి రావాలి. పరుగెత్తేవాళ్ళకూ నడిచేవాళ్ళకూ బంతి ఆడేవాళ్ళకూ మధ్య వచ్చే తగవుల్లో సగం ఈ ఇరుకు వేళల వల్ల వచ్చినవే.

కాలేజీలు, కాలం

స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, 1947లో, డాక్టర్ అబ్దుల్ హక్ కర్నూలులో ఉస్మానియా కాలేజీని స్థాపించారు. కడపలో ప్రభుత్వ పురుషుల కళాశాల 1948 నాటిది. ఊరివాళ్ళు దాన్ని ఆర్ట్స్ కాలేజీ అంటారు. అప్పటి పట్టణాలు చిన్నవి కాబట్టి కాలేజీకి చాలినంత స్థలం ఊరి పక్కనే దొరికింది. తర్వాత ఊరు పెరిగి కాలేజీని దాటిపోయింది. చుట్టుపక్కల పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లలో ఇళ్ళు లేచాయి. ఊరి నడుమ ఖాళీగా మిగిలింది కాలేజీ స్థలం ఒక్కటే. పట్టణం దాన్ని తనదనుకోవడానికి మూలం ఇక్కడుంది. ఆ అనుకోవడంలో తప్పు కూడా లేదు.

కర్నూలుకు ఖాళీ స్థలం విలువ 1953లోనే తెలిసివచ్చింది. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాయలసీమకు దక్కాల్సిన వాటిలో రాజధాని గానీ హైకోర్టు గానీ ఒకటి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలుకు వచ్చింది, హైకోర్టు గుంటూరుకు వెళ్ళింది. 1953 అక్టోబరు 1న జవహర్‌లాల్ నెహ్రూ కొత్త రాష్ట్రాన్ని ప్రారంభించారు. టంగుటూరి ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి, చందూలాల్ త్రివేది గవర్నరు. సచివాలయానికి, ఉద్యోగులకు సరిపడా కట్టడాలు ఊళ్ళో లేవు. దొరికిన ఖాళీ జాగాల్లో గుడారాలు వేశారు, ఉద్యోగులకు క్యాంపులు కట్టారు. ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అని నేటికీ కర్నూలులో పిలిచే పేటలు ఆ కాలపువే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. కర్నూలు వైద్య కళాశాల మొదలైంది ఆ ఏడాదే. రాష్ట్రం మళ్ళీ విడిపోయిన 2014లో, ఆగస్టు 15 రాష్ట్రస్థాయి వేడుక కర్నూలులోనే, ఏపీఎస్పీ రెండో పటాలం మైదానంలో జరిగింది. రాజధాని ముచ్చట మళ్ళీ లేచిన రోజులవి.

విశ్వవిద్యాలయాలు ఆలస్యంగా వచ్చాయి. కడపలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ పీజీ సెంటరు 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయమైంది. కర్నూలులోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ పీజీ సెంటరు 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయమైంది. ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైంది. ఉస్మానియా కాలేజీ స్థాపకుడి పేరిట డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం 2016లో కర్నూలుకు వచ్చింది.

పదహారొందల మీటర్లు

ఈ మైదానాల అసలు కథ తెల్లవారుజామున కనిపిస్తుంది. కరువు పల్లెల నుంచి వచ్చి పట్టణంలో గది తీసుకుని చదువుకునే యువకులకు యూనిఫాం ఉద్యోగం పెద్ద ఆశ. భూమిని నమ్ముకుంటే వాన మీద ఆధారపడాలి, ప్రైవేటు కొలువుకు బెంగళూరో హైదరాబాదో పోవాలి. పోలీసు కొలువైతే నెలజీతం, పింఛను, ఊళ్ళో మర్యాద. దానికి దారి 1600 మీటర్ల పరుగు.

ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో పురుషులు 1600 మీటర్లను 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేయాలి. పురుషులకు 100 మీటర్లు 15 సెకన్లలో, లాంగ్‌జంప్ 3.80 మీటర్లు. మహిళలకు 18 సెకన్లు, 2.75 మీటర్లు. సివిల్ విభాగానికి 1600 మీటర్లు తప్పనిసరి, మిగతా రెంటిలో ఒక్కటైనా గట్టెక్కాలి. సైన్యం ఇంకా కఠినం. అగ్నివీర్ ర్యాలీలో 1600 మీటర్లను అయిదున్నర నిమిషాల్లోపు పరుగెత్తినవాడికి పూర్తి 60 మార్కులు. ఆ తర్వాత పులప్స్, 9 అడుగుల గుంత దాటడం, సన్నని దూలం మీద తూలకుండా నడవడం. 2024 నవంబరులో కడప డీఎస్ఏ స్టేడియంలో అలాంటి ర్యాలీ జరిగినప్పుడు సీమ నుంచే కాక పక్క జిల్లాల నుంచి కూడా కుర్రాళ్ళు వచ్చారు.

సాధన చూస్తే మైదానం ఎలా ఉండాలో తెలిసిపోతుంది. 400 మీటర్ల ట్రాకైతే నాలుగు చుట్లు కొడితే లెక్క సరిపోతుంది. ఎనిమిది వరసల అసలు ట్రాకుకు దాదాపు 177 మీటర్ల పొడవు, 93 మీటర్ల వెడల్పు, అంటే నాలుగెకరాల పైన నేల కావాలి. చాలా కాలేజీల్లో అంత చోటు లేదు. కాబట్టి పిల్లలే పక్క గోడల వెంబడి టేపుతో కొలిచి, ‘అయిదు చుట్లు, ఇంకొంచెం’ అని గుర్తు పెట్టుకుంటారు. ఒకడు ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకుని గేటు దగ్గర నిలబడతాడు. చుట్టు పూర్తయిన ప్రతివాడికీ సెకన్లు అరిచి చెబుతాడు. లాంగ్‌జంప్ గుంతలో ఇసుక లేకపోతే తలా కొంత వేసుకుని ట్రాక్టరు తోలించుకుంటారు. కాలేజీకి వీళ్ళు విద్యార్థులు కారు, క్రీడాశాఖ లెక్కలో క్రీడాకారులు కారు. కానీ ఆ నేలను రోజూ వాడేది వీళ్ళే, దాని బాగోగులు తెలిసిందీ వీళ్ళకే.

2022 నవంబరులో వచ్చిన 6,100 కానిస్టేబుల్ పోస్టుల నోటిఫికేషన్ ఈ సాధన ఎంతకాలం సాగగలదో చూపించింది. ప్రిలిమ్స్ 2023 జనవరి 22న జరిగింది. దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది 2024 డిసెంబరు 30న. తుది ఫలితాలు 2025 ఆగస్టు 1న వచ్చాయి. ప్రిలిమ్స్ గట్టెక్కినవాళ్ళు ఆ రెండేళ్ళూ పరుగు మానడానికి వీల్లేదు, మానితే దమ్ము తగ్గిపోతుంది. కూలికి పోయేవాళ్ళు, డెలివరీ పనులు చేసుకునేవాళ్ళు కూడా తెల్లారేసరికి మైదానానికి రావాల్సిందే.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. చీకటి ఉండగా మైదానానికి ఒంటరిగా రావడం చాలా ఇళ్ళలో ఒప్పుకోరు. అన్నో తమ్ముడో తోడు రావాలి, లేదా నలుగురు కలిసి ఆటో మాట్లాడుకోవాలి. గేటు దగ్గర రెండు లైట్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, దుస్తులు మార్చుకునే గది ఉంటే వచ్చేవాళ్ళ సంఖ్య పెరుగుతుంది. ఏ స్టేడియం ప్రతిపాదన కన్నా ముందు కావాల్సింది ఇదే. కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లెకు చెందిన శ్రీచరణి 2025 నవంబరు 2న ప్రపంచకప్ గెలిచిన భారత మహిళా క్రికెట్ జట్టులో ఉంది. ఆమెను చూసి తమ పిల్లలను ఆటకు పంపాలనుకునే తల్లిదండ్రులకు ముందు ఆ మరుగుదొడ్డి, ఆ దీపం కనిపించాలి.

సభలు

కర్నూలులో ఎస్టీబీసీ కాలేజీ మైదానానికి రాష్ట్రమంతటా పేరు రావడానికి కారణం సభలు. 2020 ఫిబ్రవరి 18న ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి వైఎస్సార్ కంటి వెలుగు మూడో విడతను అక్కడినుంచే ప్రారంభించారు. 2022 డిసెంబరు 5న రాయలసీమ గర్జన సభ జరిగింది కూడా అక్కడే. హైకోర్టు కర్నూలుకు రావాలన్న డిమాండు ఆ సభ ప్రధానాంశం. శ్రీబాగ్ కాలం నాటి మాట 85 ఏళ్ళ తర్వాత ఒక కాలేజీ మైదానంలో మైకు ముందుకు వచ్చింది.

ఆ సభ జరిగిన కొద్ది వారాలకే మైదానాల మీద ఒత్తిడి పెంచే ఘటనలు జరిగాయి. 2022 డిసెంబరు 28న కందుకూరు రోడ్డు సభలో తొక్కిసలాటకు 8 మంది చనిపోయారు. 2023 జనవరి 1న గుంటూరులో మరో తొక్కిసలాటలో ముగ్గురు పోయారు. జనవరి 2న ప్రభుత్వం జీవో 1 జారీ చేసి, సభలు రోడ్ల మీద కాక వాటికి దూరంగా ఎంచిన స్థలాల్లో పెట్టుకోవాలని చెప్పింది. ఆ జీవోను హైకోర్టు 2023 మేలో కొట్టివేసింది. అయితే రోడ్డు మీద గుమిగూడడం ప్రమాదమన్న సంగతి మాత్రం కోర్టు తీర్పుతో పోయేది కాదు. చిన్న పట్టణంలో వేలమంది క్షేమంగా పట్టే చోటు ఏదని వెతికితే చూపు కాలేజీ వైపే పోతుంది.

సభ ముగిసిన మర్నాడు ఆ నేలను దగ్గరగా చూడాలి. షామియానా, బారికేడ్ల కోసం తవ్విన గుంతలు పూడ్చకుండా ఉంటాయి. వేదిక కోసం తోలిన కంకర పిచ్ పక్కనే కుప్పగా మిగులుతుంది. బస్సుల చక్రాల గాడులు వానాకాలమైతే ఎండి రాళ్ళవుతాయి. నీళ్ళ ప్యాకెట్ల కవర్లు గాలికి తరగతి గదుల దాకా కొట్టుకొస్తాయి. హాజరైన జనం లెక్క మర్నాడు పత్రికల్లో వస్తుంది. గుంతలను మాత్రం పరుగుకు వచ్చిన పిల్లలే పూడుస్తారు.

ఎన్నికల్లో కాలేజీ చేసే పని ఇంతకన్నా నిశ్శబ్దంగా సాగుతుంది. పోలింగ్ సామగ్రి పంపిణీ, ఈవీఎంల స్ట్రాంగ్ రూములు, లెక్కింపు చాలాచోట్ల విద్యాసంస్థల్లోనే. 2024 జూన్ 4న కర్నూలు ఓట్లను రాయలసీమ విశ్వవిద్యాలయంలో లెక్కించారు.

ఎగ్జిబిషన్లు, ఆపదలు

వేసవి సెలవులు మొదలయ్యేసరికి జెయింట్ వీల్ వచ్చి దిగుతుంది. కొలంబస్ పడవ, మరణబావి, ఢిల్లీ అప్పడం, మిర్చి బజ్జీ, చేనేత స్టాళ్ళు. ప్రొద్దుటూరులో ఇదంతా దసరాకు జరుగుతుంది. రెండో మైసూరు అని పేరున్న ఉత్సవం కాబట్టి జనం కూడా అలాగే వస్తారు. దీపావళికి ముందు అగ్నిమాపక శాఖ నిబంధనల ప్రకారం టపాసుల అంగళ్ళను బజార్ల నుంచి తప్పించి ఖాళీ మైదానాల్లో పెట్టిస్తారు. ఇది మంచి ఏర్పాటే.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు పాతబస్తీ మునిగింది. దిగువన శ్రీశైలం జలాశయంలోకి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది, అది ఆ ఆనకట్ట రూపకల్పన అంచనాలకు మించినది. కరువు సీమలో వరద వస్తుందని ఎవరూ తయారుగా లేరు. మెరక మీద ఉన్న బడులు, కాలేజీలు రాత్రికి రాత్రి సహాయ శిబిరాలయ్యాయి. 2020లో కరోనా వచ్చినప్పుడు రాష్ట్రమంతటా రైతుబజార్లను విడదీసి ఆటస్థలాలకు మార్చారు. సున్నంతో గీసిన వృత్తాల్లో నిలబడి జనం కూరగాయలు కొన్నారు. అంతకుముందు అదే సున్నం కబడ్డీ కోర్టు గీసింది.

మంచు అరీనా నేర్పేది

విశ్వవిద్యాలయ మంచు హాకీ అరీనాలో ఆడే చోటు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. మన కొలతలో 39 సెంట్లు, అరెకరం కూడా కాదు. సిమెంటు నేలలో పరిచిన పైపుల గుండా ఉప్పునీటినో గ్లైకాల్‌నో సున్నాకన్నా తక్కువ చలిలో పంపుతారు. దానిమీద పలుచగా నీళ్ళు పోస్తూ పోతే అంగుళం, అంగుళంన్నర మందాన మంచు గడ్డకడుతుంది. ఆట మధ్యలో ఒక బండి వచ్చి గీరుకుపోయిన పైపొరను చెక్కి, వేడినీళ్ళు పరిచి నున్నగా చేస్తుంది. ఆ యంత్రాన్ని కాలిఫోర్నియాలో ఫ్రాంక్ జాంబోనీ 1949లో తయారుచేశాడు.

మంచును నిలబెట్టడానికి కరెంటు ఖర్చు గంటగంటకూ అవుతుంది. అందుకే అరీనాలో ప్రతి గంటకూ లెక్క ఉంటుంది. విశ్వవిద్యాలయ జట్టు సాధన కొన్ని గంటలు, ఊరి పిల్లల క్లబ్బు కొన్ని గంటలు, రుసుము కట్టి వచ్చే సామాన్యుల స్కేటింగ్ కొన్ని గంటలు. పట్టభద్రోత్సవమో కచేరీయో ఉంటే మంచు మీద చలి ఆగే పలకలు పరిచి, కుర్చీలు వేస్తారు. కార్యక్రమం అయ్యాక పలకలు తీస్తే కింద మంచు మంచులాగే ఉంటుంది.

మన పిల్లలు ఎంతోమంది చేరే బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయం దీనికి మంచి ఉదాహరణ. దాని మాథ్యూస్ అరీనా 1910లో బోస్టన్ అరీనాగా తెరుచుకుంది, 1979లో విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. హాకీ, బాస్కెట్‌బాల్, కుస్తీ, బాక్సింగ్, రాజకీయ సభలు, కచేరీలు శతాబ్దానికి పైగా ఆ ఒక్క కప్పు కిందే సాగాయి. 2025 డిసెంబరులో దాన్ని మూసివేశారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలోని యోస్ట్ కట్టడం 1923లో మామూలు ఇండోర్ ఆటలకోసం కట్టినది, 1973లో మంచు అరీనాగా మార్చారు.

మనదేశంలో కాలేజీ ఆవరణలో మంచు అరీనా డెహ్రాడూన్‌లో ఉంది. 2011 జనవరిలో జరిగిన దక్షిణాసియా శీతాకాల క్రీడలకోసం మహారాణా ప్రతాప్ స్పోర్ట్స్ కాలేజీలో దాన్ని కట్టారు. పోటీలయ్యాక నిర్వహణ ఖర్చు మోయలేక ఏళ్ళ తరబడి మూతపడి, మరమ్మతుల తర్వాత 2025లో మళ్ళీ తెరుచుకుంది. కట్టడం కన్నా నడపడం కష్టమని సీమలో మూతపడ్డ ఇండోర్ హాళ్ళను చూసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

కర్నూలులో మంచు అరీనా కట్టమని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. తీసుకోదగింది ఆ గంటల పట్టిక. మట్టి మైదానానికి కరెంటు బిల్లు రాదు కాబట్టి దాని గంటలకు విలువ కట్టేవాళ్ళు లేరు. ఉదయం వేళ పరుగుకు, ఆ తర్వాత కాలేజీకి, సాయంత్రం క్లబ్బులకు అని గేటు మీద రాసి పెట్టడానికి పైసా ఖర్చు లేదు. సభకో ఎగ్జిబిషన్‌కో అనుమతి ఇచ్చేటప్పుడు డిపాజిట్ కట్టించుకుని, గుంతలు పూడ్చి రోలర్ తిప్పాకే తిరిగి ఇవ్వవచ్చు. ఆ నియమం ఎంత పెద్ద పార్టీకైనా వర్తించాలి.

ఊరి బయటి ఆవరణలు

కడప పుట్లంపల్లిలో డాక్టర్ వైఎస్సార్ క్రీడా పాఠశాల ఉంది. ఎంపికైన పిల్లలకు అక్కడే బస, చదువు, శిక్షణ. అదే చుట్టుపక్కల రాజారెడ్డి పేరిట క్రికెట్ స్టేడియం 2011లో వచ్చి రంజీ మ్యాచ్‌లకు వేదికైంది. ఇవి ఆటను వృత్తిగా ఎంచుకునేవాళ్ళవి.

కొత్త విశ్వవిద్యాలయాలకు నేల బాగానే ఇచ్చారు. ఎనిమిది వరసల ట్రాకుకు పట్టణంలో దొరకని నాలుగెకరాలు అక్కడ దొరుకుతాయి. యోగి వేమన విశ్వవిద్యాలయం పులివెందుల రోడ్డులో ఉంది, రాయలసీమ విశ్వవిద్యాలయం కర్నూలు అంచున ఉంది. తెల్లవారుజామున అంతదూరం వెళ్ళి పరుగెత్తి, ఎనిమిదింటికల్లా పనికి తిరిగి రావడం మోటారు సైకిలున్నవాడికే కుదిరే పని. అద్దె గదుల్లో ఉండి ఉద్యోగాలకు చదివే పిల్లల్లో ఎక్కువమందికి అది లేదు. వాళ్ళు నడిచి చేరుకోగలిగింది ఆర్ట్స్ కాలేజీ, ఎస్టీబీసీ వంటి పాత మైదానాలకే. రద్దీ అక్కడే ఉంది, దుమ్మూ అక్కడే ఉంది, దీపాలు వేయాల్సిందీ అక్కడే.